పిల్లి మెడలో లేసు

పిల్లి గోడ దూకి మా పెరట్లోకి వచ్చేసరికి దాని మెడలో లేసు ఉంది. తెల్లదారంతో అల్లిన సన్నటి పట్టీ, వేలెడు వెడల్పు, వెనక చిన్న ముడి. నేను పళ్ళపొడి నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందురోజు సాయంత్రం ఆ పిల్లి మామూలుగా బోసి మెడతోనే గోడ దాటి అవతలికి పోయింది. తెల్లారేసరికి ముస్తాబై వచ్చింది.

“అమ్మా, పిల్లికి ఎవరో లేసు కట్టారు” అన్నాను.

అమ్మ గిన్నెలు తోముతోంది. తలెత్తి చూసి, బూడిద చేతులు కడుక్కుని, పమిటకు తుడుచుకుని, పిల్లిని దగ్గరికి లాక్కుని ఆ పట్టీ విప్పింది. “పిల్లికి సోకులొకటి తక్కువయ్యాయి” అంది, గోడ అవతలికి వినబడేంత గట్టిగా. విసిరి పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. వెలుతురుకు ఎత్తి పట్టి అంచు వెంట బొటనవేలు పోనిచ్చి ఒకచోట ఆగింది.

“ఇదిగో, వరస మలుపులో గొలుసు కుట్టు తప్పింది. ఎన్నేళ్ళొచ్చినా ఇంతే” అంది. ఈ మాట మాత్రం గోడకు వినబడకుండా అంది.

ఎవరు కట్టారో అమ్మకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. అంతకుమించి ఏమీ అర్థం కాలేదు. ఆ సంవత్సరమంతా నా పరిస్థితి అదే. అప్పుడు నేను ఐదో తరగతి. డెబ్భైల నడిమధ్య. పెద్దవాళ్ళు ఒకటి అంటారు, ఇంకొకటి చేస్తారు, అడిగితే పొమ్మంటారు. ఇప్పుడు నాకు అప్పటి వాళ్ళకంటే ఎక్కువ వయసు. అయినా ఆ రోజుల్లో కొన్ని ముడులు ఇప్పటికీ విడలేదు.

పటమటలో, బందరు రోడ్డుకు కాస్త లోపలగా ఉండే పెంకుటిల్లు మాది. మా తాతయ్య కట్టించింది. నాన్న పెద్దవాడు, చిన్నాన్న రెండోవాడు. నాన్నకు కాలవల ఆఫీసులో గుమస్తా పని, చిన్నాన్నకు ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ అందరికీ ఒకటే పొయ్యి. ఆవిడ పోయిన ఏడాదికే ఇల్లు నిలువునా రెండయింది. నడవలో ఒక గోడ, పెరట్లో ఒక గోడ. పంపకాలు చెయ్యడానికి వచ్చిన సంఘ పెద్దలు మంచాలు, బిందెలు, కొబ్బరిచెట్లు, చివరికి చర్చి నుంచి వచ్చిన గోడ గడియారంతో సహా అన్నీ విడదీశారు. పిల్లి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కాబట్టి అది ఉమ్మడి పిల్లిగానే మిగిలిపోయింది. పొద్దున మా ఇంట్లో పాలు, మధ్యాహ్నం చిన్నమ్మ ఇంట్లో చేప తల. విడిపోవడం వల్ల ఎవరైనా బాగుపడ్డారంటే అది పిల్లే.

విడిపోకుండా మిగిలినది ఇంకొకటి కూడా ఉంది. నాయనమ్మ నాటిన తీగమల్లె. దాని మొదలు చిన్నమ్మ వాళ్ళ వైపు. తీగలో చాలా భాగం గోడెక్కి మా పందిరి మీద.

గొడవ ఎందుకొచ్చిందో నాకు ఎవరూ తిన్నగా చెప్పలేదు. నాన్నను అడిగితే కొబ్బరికాయల దగ్గర వచ్చిందన్నాడు. అమ్మను అడిగితే “పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు, ఎక్కాలు చదువుకో” అంది. నాకు తెలిసింది ఒక్క మాట. అది కూడా తెలిసిందో లేదో చెప్పలేను.

చిన్నమ్మకు పిల్లలు లేరు. నన్ను పెంచింది ఆవిడే అనాలి. జడలు వేసేది ఆవిడ, బడికి క్యారేజీ కట్టేది ఆవిడ, దెబ్బ తగిలితే నేను పరిగెత్తేది ఆవిడ దగ్గరికి. గోడ కట్టక ముందు, వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. పథ్యం మీద ఉన్నాను. పెరుగన్నం కావాలని ఏడిస్తే చిన్నమ్మ చూడలేక రెండు ముద్దలు పెట్టింది. మధ్యాహ్నానికి ఒళ్ళు మళ్ళీ కాలిపోయింది. దుప్పటి కింద కళ్ళు మూసుకుని ఉన్నాను. చిన్నమ్మ చెయ్యి నా నుదుటి మీద ఉంది. అమ్మ గొంతు వినబడింది. “కని ఉంటే తెలిసేది.”

అంతే. ఆ తర్వాత నుదుటి మీద చెయ్యి లేదు.

ఆ మాట అమ్మ నిజంగా అందో, జ్వరంలో నాకలా వినిపించిందో నాకు తెలియదు. జ్వరంలో నాకు గోడ మీద బల్లి మాట్లాడినట్టు కూడా వినిపించింది. కాని ఆ చెయ్యి తీసెయ్యడం మాత్రం నిజం. నుదురు ఒక్కసారిగా చల్లబడింది. లేచి తిరిగే వేళకు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. తర్వాత మేస్త్రీ వచ్చాడు.

లేసు గురించి చెప్పాలి. నాయనమ్మ చిన్నప్పుడు మిషను హాస్టల్లో చదువుకుంది. దొరసానుల దగ్గర లేసు అల్లడం నేర్చుకుని, ఇంటికొచ్చిన ఇద్దరు కోడళ్ళకూ నేర్పింది. ప్రతి ఈస్టరుకూ చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డకు అంచు మా ఇంటి నుంచే వెళ్ళాలి. అది పొడుగాటి పట్టీ. ఒక్కరు కూర్చుని అల్లితే మెడ పట్టేస్తుంది. అందుకని ముగ్గురూ వంతులేసుకునేవారు. ఒకరు పొయ్యి దగ్గరికి లేస్తే రెండోవారు అందుకునేవారు. దానికి నాయనమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. పని పూర్తయితే దారం తెంపి ముడి వెయ్యాలి. పూర్తి కాకుండా ఇంకొకరికి ఇవ్వాలంటే ముడి వెయ్యకూడదు. సూది తీసేశాక చివర మిగిలే దారపు కన్నులో ఒక పిన్నీసు గుచ్చి ఇవ్వాలి. లేకపోతే ఎవరో లాగితే మొత్తం విడిపోతుంది. పిన్నీసు కనబడిందంటే, తర్వాతి చెయ్యి నీదని అర్థం. మాటతో పనిలేదు. మా ఇంట్లో చాప మీద పిన్నీసు పెట్టిన లేసు ఎప్పుడూ ఒకటి ఉండేది, ఎవరో ఒకరు వచ్చి తీసుకునేవారు.

గోడ వచ్చాక బల్ల గుడ్డకు కొత్త అంచు లేదు. పాతదే ఉతికి పరిచారు. సంఘంలో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు మరి.

అందరికీ ఇంకో సంగతి కూడా తెలుసు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి లేచేముందు పాస్టరు అయ్యగారు, ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ముందు సమాధానపడి రమ్మని చెబుతారు. ఆడవాళ్ళ వైపు అందరూ లేచి వరసగా ముందుకు వెళ్ళేవారు. అమ్మ లేచేది కాదు. రెండు బారల దూరంలో చిన్నమ్మ కూడా లేచేది కాదు. అంత పెద్ద చాప మీద వాళ్ళిద్దరూ, మధ్యలో నేనూ మిగిలేవాళ్ళం. తప్పు ఒకరిదైతే రెండోవాళ్ళు వెళ్ళొచ్చు కదా, ఇద్దరూ ఎందుకు ఆగిపోతున్నారని నేను బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని. మగవాళ్ళ వైపు నాన్న, చిన్నాన్న మాత్రం చక్కగా లేచి వెళ్ళి రొట్టె తీసుకుని వచ్చేవారు. వాళ్ళ మనసులో ఏమీ లేదో, లేక వాళ్ళు అయ్యగారి మాట వినలేదో అది కూడా తెలియదు.

ఇక పిల్లి దగ్గరికి వస్తాను. ఆ పట్టీని అమ్మ ఆ మధ్యాహ్నం చేతిలోకి తీసుకుంది. చివరి ముడి కత్తిరించి, తప్పిన గొలుసు దాకా దారం లాగి విప్పింది. అక్కడి నుంచి సరిగ్గా అల్లింది. అల్లినదానికి తన తరఫున ఇంకొన్ని వరసలు కలిపింది. దారం తెంపి గట్టిగా ముడి వేసి, పిల్లి మెడకు కట్టి గోడ మీదికి ఎక్కించింది.

“ఎందుకమ్మా మళ్ళీ కట్టావు?”

“వాళ్ళ సొమ్ము మనకెందుకు?” అంది.

వాళ్ళ సొమ్మే అయితే దానికి మన దారం కలపడమెందుకని అడగబోయి ఊరుకున్నాను. మర్నాడు పిల్లి తిరిగొచ్చింది. పట్టీ ఇంకాస్త పెరిగింది. మెడ చుట్టూ రెండు చుట్లు. అమ్మ కలిపిన వరసల తర్వాత చిన్నమ్మ వరసలు. మలుపులో మళ్ళీ గొలుసు తప్పింది. ఆ గొలుసు తప్పితే అంచు లోపలికి లాగేస్తుంది, చూసేవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. అమ్మ “చూశావా” అంది నాతో. మళ్ళీ విప్పింది, సరిచేసింది, కలిపింది, ముడి వేసింది. అలా ఆ పట్టీ అటూ ఇటూ తిరిగింది. పిల్లి పెళ్ళివారి పేరంటానికి వెళ్ళినట్టు మెడ నిటారుగా పెట్టుకుని నడిచేది. ఇది స్నేహమో, పోట్లాటో నాకు తేలలేదు. చిన్నమ్మ కావాలని తప్పుతోందా, అమ్మ కావాలని పట్టుకుంటోందా? ప్రతిసారీ ముడి మాత్రం గట్టిగా పడేది. రెండు వైపుల నుంచీ.

అది ఫిబ్రవరి. చలి వెనక్కి తగ్గి, పొద్దున్నే మంచు, పదింటికల్లా ఎండ. గోడ అవతలి మునగచెట్టు పూత రాలి మా పెరడంతా పేలాలు చల్లినట్టుండేది. చిక్కుడు పాదు ఎండిపోయింది, విత్తనానికి రెండు కాయలు వదిలి మిగతాది అమ్మ పీకేసింది. తోటకూర మడి కట్టింది. బంతిపూలు నల్లగా ఎండి చెట్టునే ఉన్నాయి. పిల్లి ఈనింది. చిన్నమ్మ వాళ్ళ పొయ్యికట్టెల వెనక రెండు పిల్లలు పెట్టి, వాటిని మెడ పట్టుకుని గోడ దాటించి మా మంచం కింద పెట్టింది. నేను ముట్టుకున్నానని మళ్ళీ అటు తీసుకుపోయింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని అంటారు. మా పిల్లి ఈ రెండిళ్ళ మధ్యే తిప్పింది.

ఆ కాలంలో మల్లెకు చెయ్యాల్సిన పని ఒకటుంది. చలి తగ్గుముఖం పట్టగానే నీళ్ళు కట్టెయ్యాలి. పాదు బీటలిచ్చేదాకా ఎండగట్టి, ఆకంతా చేత్తో దూసెయ్యాలి. కణుపుల దగ్గర పచ్చటి మొన కనబడ్డాక మళ్ళీ నీళ్ళు పెడితే మొగ్గ విరగబడి వస్తుంది. ఎండగట్టకపోతే ఆకే తప్ప పువ్వు రాదు. నాయనమ్మ ఉన్నప్పుడు ఆవిడ ఒక పొద్దున “ఇవాళ్టి నుంచి నీళ్ళు కట్టెయ్యండి” అనేది, ఇల్లంతా వినేది. ముఖం కడిగిన నీళ్ళు కూడా అరటిచెట్టు దగ్గరికి మోసేవాళ్ళం. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు. అమ్మ తన వైపు తీగకు ఆకు దూసేది. గోడ అవతల చిన్నమ్మ తన వైపు దూస్తున్న చప్పుడు వినబడేది. అయినా క్రిందటి వేసవిలో ఒక్క మొగ్గ లేదు. దూసిన వారానికే ముదురాకుపచ్చగా చిగురు.

“మొదలు తన వైపు ఉంది కదా, నీళ్ళు పోస్తోంది. నాకు పూలు దక్కకూడదని తన పూలు కూడా పోగొట్టుకుంటోంది” అనేది అమ్మ. ఈ మాట గోడకు వినబడేలాగే అనేది. అవతల నుంచి చిన్నమ్మ పిల్లితో అనేది, “కొందరికి ఇరుగుపొరుగు బాగుంటే నిద్ర పట్టదే.” పిల్లికి ఏమర్థమయ్యేదో.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న చెప్పాడు. “వాడు షెడ్డు పక్కనే గదులు వేసుకున్నాడంట. ఈ వాటా అమ్మేస్తున్నాడు. నెల తిరిగేలోపు సామాను తీసేస్తారంట.”

“పోనీయండి. ఎవరిష్టం వాళ్ళది” అంది అమ్మ. అని నా కంచంలో చారు పోసింది. నేనింకా పప్పన్నమే తింటున్నాను.

పటమటకూ ఆటోనగర్‌కూ ఎంత దూరమని ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. నాకు మాత్రం దూరం లెక్క కాదు. గోడ అవతల ఉన్నప్పుడే మాట్లాడని మనుషులు, అంత దూరం పోయాక మాట్లాడతారా? గోడ ఉన్నా చిన్నమ్మ దగ్గు నాకు వినబడేది, పోపు వాసన వచ్చేది, పిల్లితో అనే మాటల్లో నాకోసం ఒకటో అరో ఉండేది. “బడికెళ్ళేవాళ్ళు తలకు నూనె రాసుకోవద్దూ” అని పిల్లితో ఎవరంటారు? నాకు చిన్నమ్మ కావాలి. అమ్మ ఒక్క మాట అంటే ఉండిపోతుందేమోనని అనిపించేది. ఆ మాట ఏమిటో నాకు తెలియదు. అమ్మకు తెలుసో లేదో కూడా తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం, అమ్మ గిన్నెల దగ్గర కూర్చున్నప్పుడు, నేను నీళ్ళతొట్టి గట్టెక్కి గోడ మీంచి తొంగి చూశాను. చిన్నమ్మను చూడాలనిపించింది, అంతే. ఆవిడ మల్లె మొదట్లో గొంతుక్కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేతిలో కొబ్బరిచిప్ప పట్టుకుని ఏదో చేస్తోంది. కాసేపు చూసి దిగాను.

“అమ్మా, చిన్నమ్మ మల్లెపాదు దగ్గర చిప్పతో నీళ్ళు…”

“పోస్తోంది. నాకు తెలుసు” అంది అమ్మ.

“పొయ్యట్లేదు. తోడుతోంది.”

“ఏం తోడుతోంది?”

“పాదులో నీళ్ళు. తోడి బకెట్లో పోస్తోంది. బకెట్టు తీసుకెళ్ళి మునగచెట్టు దగ్గర గుమ్మరిస్తోంది.”

“ఆకు దూసిన పాదులోకి నీళ్ళెక్కడివే?”

నాకేం తెలుసు? నేను చూసింది చెప్పాను. అమ్మ నా ముఖంలోకి చూసింది, నేను అబద్ధం చెబుతున్నానేమోనని. తర్వాత కిందికి చూసింది. గిన్నెలు తోమిన నీళ్ళు ఆవిడ కాళ్ళ పక్క నుంచి గోడవారనే పారి, అడుగున ఉన్న తూములోకి దిగిపోతున్నాయి. గోడ కట్టిన మేస్త్రీ నీళ్ళు పోవడానికి ఆ తూము వదిలాడు. అవతలికి వెళ్ళాక అవి ఏమవుతాయో మా వైపు ఎవరూ చూడలేదు. చూడాలంటే ఆ ఇంటికి వెళ్ళాలి కదా. అమ్మ బట్టలు ఉతికేది అక్కడే, బియ్యం కడిగేది అక్కడే, నాకు తలంటిందీ అక్కడే. రెండేళ్ళ నీళ్ళన్నీ మల్లె మొదటికే.

అమ్మ ఆ తూమునే చూస్తూ చేతిలో గిన్నె కింద పెట్టింది. మిగతా గిన్నెలు తోమలేదు.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి తూముకు పాత గుడ్డ కుక్కి, పైన బంకమన్ను మెత్తి ఉంది. అమ్మ గిన్నెల నీళ్ళు బకెట్టులో పట్టి అరటిచెట్టు దగ్గరికి మోస్తోంది.

“ఏంటిది?” అన్నాడు నాన్న.

“కాలవ కట్టేశాను” అంది.

ఏటేటా జిల్లా అంతటా కాలవలు ఎప్పుడు కట్టేస్తారో, ఎప్పుడు వదులుతారో కాగితాల మీద రాసే మా నాన్న, ఇంట్లో ఉన్న ఒక్క తూము సంగతి పట్టించుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం కాళ్ళు కడుక్కోవడానికి అరటిచెట్టు దగ్గరికే వెళ్ళాడు.

ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున పిల్లి వచ్చింది. మెడలో ఏమీ లేదు, పట్టీ అవతలే ఉండిపోయింది. ఆ మర్నాడు కూడా లేదు. రోజూ నేను గోడ దగ్గర నిలబడేదాన్ని, పిల్లి బోసి మెడతో దిగేది. అమ్మ చూసీ చూడనట్టు చూసి పక్కకు తిరిగేది. ఒకసారి దాని మెడ తడిమింది కూడా, బొచ్చులో ఎక్కడైనా ఇరుక్కుందేమోనన్నట్టు. అవతల నుంచి పెట్టెలు జరుపుతున్న చప్పుళ్ళు. పాదులోంచి చిప్పతో తోడే చప్పుడు మాత్రం ఆగిపోయింది. పాపం చేసినవాళ్ళు తెలుసుకుని దిద్దుకుంటే ఇలాగేనా జరిగేది? నాకు చిన్నమ్మ మీద కోపం వచ్చింది. వెంటనే అమ్మ మీద వచ్చింది. గుడ్డ కుక్కడం కాదు, గోడ మీంచి ఒక్కసారి పిలిస్తే పోయేదిగా. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పిల్లిని తిట్టాను.

సామాను తీసే రోజు రానే వచ్చింది. శనివారం. చిన్నాన్న షెడ్డులో బాగుచేసిన ఏదో లారీ తెచ్చి వీధిలో నిలబెట్టాడు. మంచాలు, బీరువా ఎక్కిస్తున్నారు. మా వాకిట్లోకి వినబడుతోంది. అమ్మ పెరట్లో మల్లె పందిరి కింద నిలబడి కణుపులు చూస్తోంది. మోడుబారిన తీగ మీద ఆవగింజంత పచ్చటి మొనలు వచ్చాయి.

అప్పుడు పిల్లి గోడ దూకింది. మెడలో పట్టీ. నాలుగైదు చుట్లు తిప్పి కట్టిన పొడుగు పట్టీ.

అమ్మ వంగి చుట్లు విప్పింది. చివర ముడి కోసం వెతికింది. ముడి లేదు. ఆఖరి దారపు కన్నులో పిన్నీసు ఉంది.

అమ్మ అక్కడే తొట్టి గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. “ఇప్పుడా పంపేది? సామాను ఎక్కించాకా?” అని కోపంగా అంది, ఎవరితో అందో. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బాలోంచి లేసు సూది, దారం ఉండ తీసుకుంది. చెప్పులు వేసుకోలేదు. తలుపు దగ్గర నన్ను దాటి వీధిలోకి దిగింది. నేనూ వెనకే వెళ్ళాను. ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి వెళ్ళడానికి రెండేళ్ళు పట్టింది గాని, నడిస్తే వీధిలో మా అరుగు పక్కనే వాళ్ళ అరుగు.

చిన్నాన్న లారీకి మోకు బిగిస్తున్నాడు. వదినను చూసి, “రండి వదినా” అని గొణిగి, అవసరం లేకపోయినా వెనక టైర్లు చూడటానికి వెళ్ళిపోయాడు.

ఖాళీ అయిన ఇంట్లో పెరటి గుమ్మం మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. పక్కన గంపలో పిల్లి పిల్లలు. మమ్మల్ని చూసి లేవబోయింది. లేవలేదు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ మొదటి మాటలు ఎలా ఉంటాయోనని నేను ఎదురుచూశాను. ఆ మాట వస్తుందేమో, జ్వరం మాట, దాన్ని ఎవరు ఎత్తుతారో, ఎత్తితే ఏమవుతుందో.

“నీళ్ళు కట్టేశావు కదక్కా” అంది చిన్నమ్మ.

“కట్టేశాను. నాకు తెలియలేదే” అంది అమ్మ. గోడ మీది తీగ వైపు చూసి, “మొన వచ్చింది. ఇక నీళ్ళు పెట్టొచ్చు” అంది.

“మేం పోతున్నాం. ఈ మొదటికి నీళ్ళెవరు పోస్తారు?”

“మా తూముందిగా. మన్ను తీసేస్తాను.”

చిన్నమ్మకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అమ్మ ఆవిడను ఓదార్చలేదు. తప్పయిపోయిందని అనలేదు. గుమ్మం మీద ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుని, పిన్నీసు తీసి పెదాల మధ్య పెట్టుకుని, ఆ కన్నులోకి సూది దోపి అల్లడం మొదలుపెట్టింది. ఒక వరస అల్లింది. మళ్ళీ పిన్నీసు గుచ్చి, పట్టీ, సూది చిన్నమ్మ ఒళ్ళో పెట్టింది. నేను చిన్నమ్మకు రెండో పక్కన చేరాను. ఆవిడ ఎడం చెయ్యి వచ్చి నా నుదుటి మీద, తర్వాత నా జడ మీద ఆగింది. జడ వదులుగా ఉందని ఒకసారి లాగి చూసింది.

వీధిలోంచి చిన్నాన్న హారను కొట్టాడు. ఎవరూ లేవలేదు.

చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని తన వరస అల్లింది. చివరికి వచ్చింది, మలుపు తిప్పింది, వెనక్కి బయల్దేరింది. గొలుసు తప్పింది. నాకు కనబడిందంటే అమ్మకు కనబడకుండా ఉంటుందా? అమ్మ చూపు సరిగ్గా అక్కడే ఉంది. పట్టీ తన చేతికి తిరిగొచ్చింది. నేను కత్తెర కోసం, దారం లాగడం కోసం చూస్తున్నాను. అమ్మ ఆ తప్పు మీద ఒకసారి బొటనవేలు పెట్టి, తీసి, దాని మీదే తన తర్వాతి వరస అల్లడం మొదలుపెట్టింది.

“అమ్మా, అక్కడ గొలుసు తప్పింది” అన్నాను.

“కనబడుతోందిలే” అంది అమ్మ, తలెత్తకుండా. “నువ్వెళ్ళి పిల్లి లారీ ఎక్కిందేమో చూడు.”